విండోస్ 10కి ఇంకో ఏడాది, నా ల్యాప్‌టాప్‌కి ఇంకో యజమాని

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అనే మైక్రోసాఫ్ట్ పథకంలో పేరు నమోదు చేసుకోవాలి. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకు అది 2026 అక్టోబరు 13 దాకా నడుస్తుంది. నమోదు చేయడమంటారా, టీ చల్లారేలోపు అయిపోయే పని. అక్కడిదాకా రావడానికే తల ప్రాణం తోకకొచ్చింది. నిన్న రాత్రే పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

"కొత్తది కొనొచ్చు కదా మాస్టారూ" అనేవాళ్లుంటారు. ఎందుకు కొనాలండీ? నాది ఏడో తరం ఐ5 ప్రాసెసర్. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అంటారు, అంతే తప్ప దీనికి ఏ రోగమూ లేదు. రిటైరైన తెలుగు పండితుణ్ణి. ఊళ్లోవాళ్ల శతకాలు, గుడి బ్రహ్మోత్సవాల ఆహ్వానాలు, సన్మాన పత్రాలు పైసా తీసుకోకుండా కంపోజ్ చేసిపెడుతుంటాను. పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, టైపింగ్‌కి యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్. కళ్లు మూసుకుని కొట్టినా ఒక్క ఒత్తు జారదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోండి, పర్లేదు. పెన్షన్ స్లిప్పులు, బ్యాంకు పనులు కూడా ఇందులోనే. అందుకే అప్‌డేట్లు లేకుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి మనసొప్పలేదు.

సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్. "చెక్ ఫర్ అప్‌డేట్స్" బటన్ కింద "ఎన్‌రోల్ నౌ" అని కనబడాలి. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కనబడింది. నా దాంట్లో లేదు. వెర్షన్ 22హెచ్2 ఉండాలన్నారు, ఉంది. పాత అప్‌డేట్లన్నీ పడి ఉండాలన్నారు, పడ్డాయి. రీస్టార్ట్ చేశాను. రాలేదు. దాని బదులు ఆ పేజీ పైన ఎర్రక్షరాల్లో ఓ వాక్యం: ఈ సెట్టింగుల్లో కొన్నింటిని మీ సంస్థ నిర్వహిస్తోందట.

నా సంస్థ ఏది బాబూ? జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరై, శాలువా కప్పించుకుని వచ్చేశాను. వాళ్లు నా సర్వీసు రిజిస్టరే సరిగ్గా నిర్వహించలేదు, ఇక ల్యాప్‌టాప్ నిర్వహిస్తారా?

అకౌంట్స్‌లో "యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్" అని ఒకటుంటుంది. అది తెరిస్తే అసలు సంగతి బయటపడింది. నేనెప్పుడూ వినని ఏదో కంపెనీ పేరు, దానికి "కనెక్టెడ్" అని. సిస్టమ్‌లో "అబౌట్" చూస్తే ఎడిషన్ దగ్గర "ఎంటర్‌ప్రైజ్" అని ఉంది, అంటే కంపెనీల కోసం చేసిన విండోస్. ఇది హైదరాబాద్‌లో ఓ షాపులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. ఆఫీసులు వదిలించుకున్నవాటిని తెచ్చి, తుడిచి, "రీఫర్బిష్డ్" అని అమ్ముతారే, అలాంటిది. ఆ తుడవడం బయట మాత్రమే జరిగింది. లోపల పాత కంపెనీ విండోస్‌నే ఉంచి, పైన నాకో లోకల్ యూజర్‌ని తగిలించి అంటగట్టాడు ఆ షాపువాడు. ఇళ్లవాళ్లకిచ్చే ఈఎస్‌యూ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి వర్తించదు. హోమ్, ప్రో లాంటివాటికే. కంపెనీ డొమైన్‌కి, అంటే వాళ్ల నెట్‌వర్క్‌కి, కట్టేసి ఉన్నా, కంపెనీ సర్వర్ నుంచి నడిచేదైనా అంతే. ఆఫీసులకు వేరే లెక్క ఉంది: మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, తర్వాత ఏటేటా రెట్టింపు. అంటే ఇన్నాళ్లూ నా పెన్షన్ డబ్బుతో కొన్న వస్తువుకి నేను అద్దెకున్నవాణ్ణి.

బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. ఆ షాపు కుర్రాడు తల కూడా ఎత్తలేదు. నాకంటే వెనకొచ్చినవాళ్లకు చార్జర్లు అమ్మి, చివరికి "చెప్పండి అంకుల్" అన్నాడు. ఎంటర్‌ప్రైజ్ అనీ, వర్క్ అకౌంట్ అనీ చెప్పాను. పక్కవాడికేసి చూసి నవ్వి, "గవన్నీ ఎందుకు అంకుల్ మీకు? యూట్యూబ్ వస్తుందా లేదా?" అన్నాడు. కౌంటర్ దగ్గరున్న నలుగురూ నవ్వారు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి, ఆ నవ్వుకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. బిల్లు తీసి చూపించాను. దాన్ని బిల్లనడం కూడా ఎక్కువే, జీఎస్టీ నంబరు లేని చిట్టీ. "సాఫ్ట్‌వేర్‌కి గ్యారంటీ లేదు, కింద రాసుంది" అన్నాడు. నిజమే, రాసుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

తర్వాత ఉదారంగా ఓ దారి చూపించాడు: అయిదొందలిస్తే ఫార్మాట్ కొట్టి "లైఫ్‌టైమ్ యాక్టివేషన్" వేస్తాడట. ఎలాగయ్యా అంటే, ముందు డిఫెండర్, అంటే విండోస్‌లో వైరస్‌లకు కాపలా కాసేది, ఆపెయ్యాలి, ఆ తర్వాత ఓ చిన్న ఫైల్ నడపాలి అన్నాడు. సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం ఊరు దాటి వస్తే, ఉన్న సెక్యూరిటీని ఆపెయ్యమంటాడు! దయచేసి ఎవరూ ఆ పని చేయించుకోకండి. ఆ ఫైల్లో ఇంకేముంటుందో వేసినవాడికే తెలియదు. ల్యాప్‌టాప్ మూసి వచ్చేశాను. తిరుగు బస్సులో సీటు కూడా దొరకలేదు.

దారి చూపించింది ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్. "విండోస్ 10 ప్రో" అని. ఇలా ప్రోతో వచ్చిన యంత్రాల్లో దాని లైసెన్స్ కీ మదర్‌బోర్డు చిప్‌లోని ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. పైన ఎవడు ఏ ఎడిషన్ ఎక్కించినా అది చెరిగిపోదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 10 ఎక్కించాను. ఫైళ్లన్నీ ముందే బయటి డిస్కులోకి కాపీ. ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, పాత పార్టిషన్లన్నీ డిలీట్ చేశాను. ఆ కంపెనీ పేరు అక్కడితో పోయింది, పీడా వదిలింది. కీ అడగలేదు, ఎడిషన్ అడగలేదు, తనంతట తనే ప్రో ఎక్కించుకుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాలను కంపెనీలు తమ పేరున రిజిస్టర్ చేసి ఉంచుతాయి. అలాంటిదైతే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా, సెటప్‌లో నెట్ కలపగానే మళ్లీ ఆ కంపెనీ లాగిన్ తెరే వస్తుంది. దాన్ని ఆ కంపెనీవాళ్లే తీసేయాలి, మన చేతుల్లో ఉండదు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు షాపులోనే ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, కొత్తగా సెటప్ చేయించి చూడండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకి నడవండి.

మిగతాదంతా నల్లేరు మీద బండి. అప్‌డేట్లు పడ్డాక "ఎన్‌రోల్ నౌ" వచ్చింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి, డబ్బు కట్టినా సరే. ఆ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ అయి ఉండాలి, పిల్లల అకౌంట్ పనికిరాదు. చేరడానికి మూడు దారులు: సెట్టింగులు బ్యాకప్‌కి ఇస్తే ఉచితం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. నేను ఉచితమే తీసుకున్నా.

బ్యాకప్ అంటే మన ఫైళ్లన్నీ ఎక్కించాలని కాదు, సెట్టింగులు చాలు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల దగ్గర స్విచ్‌లు ఆపేశాను. నాలా డీటీపీ (కంప్యూటర్ కంపోజింగ్) చేసేవాళ్లు ఇది ముఖ్యంగా చూసుకోండి. డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్తే ఫైళ్ల దారి మారిపోతుంది. అప్పుడు పేజ్‌మేకర్‌లో పెట్టిన ఫొటోలన్నింటికీ లింకులు తెగి, స్వామివారి బొమ్మ ఉండాల్సిన చోట అది ఎక్కడుందో చెప్పమని అడుగుతుంది.

కొత్త హంగులేవీ రావు, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. అవి నెలనెలా రెండో మంగళవారం, మనకు రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతంలో వదులుతారు. ఒకే అకౌంట్ మీద 10 యంత్రాల దాకా చేర్చొచ్చు, మా ఆవిడ ల్యాప్‌టాప్ కూడా నా అకౌంట్‌లోనే కలిపేశాను.

ఇవాళ పొద్దున ఆ షాపుకి ఫోన్ చేశాను. ప్రో ఎలా వచ్చిందో, కీ ఎక్కడుందో వివరంగా చెప్పాను. అంతా విని, "మా దగ్గర ఇంకా డజను అట్లాంటివే పడున్నయి అంకుల్, వచ్చి చేసిపెడతరా?" అన్నాడు.

ముందు నాకు జీఎస్టీ బిల్లు రాసి పంపు, తర్వాత చూద్దామన్నాను. ఇంతవరకూ రాలేదు.