చిన్నదాని దగ్గు, నెల రోజుల లెక్క

మాది హనుమకొండ, నక్కలగుట్ట దిక్కు రెండు రూముల కిరాయి ఇల్లు, ఉత్తరం వాకిలి, అంటే చలికాలంల పొద్దుగాల ఎండ తగలాలంటే పిల్లల్ని ఎత్తుకొని దాబా మీదికి ఎక్కాల్సిందే. పెద్దోడికి ఐదేళ్ళు, యూకేజీ. చిన్నదానికి ఏడాదిన్నర. 2025 డిసెంబర్‌ల పట్టుకున్న చిన్నదాని దగ్గు సంక్రాంతి దాకా వదల్లే, ఆ నెల రోజులు మేము ఎట్ల పడ్డమో రాసి పెడుతున్న, ఎందుకంటే మా ఆడిబిడ్డకు మొన్ననే కాన్పయ్యింది, రోజుకు నాలుగు సార్లు ఫోన్ చేసి "వదినా నువ్వేం చేసినవ్, డాక్టర్ ఏమన్నది" అని అడుగుతున్నది, చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది.

మొదలైంది పెద్దోడి తోని. చలికి వాడు లేవడు, లేపితే గొంగడిల మళ్ళ ముడుచుకుంటడు, గీజర్ ఆన్ చేసి నీళ్ళు కాగినయ్ రారా అంటే "ఇంకా కాగలే" అని లోపలి నుంచే చెప్తడు, చూడకుండనే. ఏడు యాభైకి వ్యాన్. మంకీ క్యాప్ గుచ్చుకుంటదని ఒక లొల్లి, స్వెట్టర్ మీద ఐడీ కార్డు వేసుకోవాల్నా లోపల వేసుకోవాల్నా అని ఇంకో లొల్లి. అంత కష్టపడి తొడిగిన స్వెట్టర్ సాయంత్రం బ్యాగులకెళ్ళి వస్తది, ఒకరోజైతే వేరే పిల్లగానిది వచ్చింది, మాది ఎవరింటికి పోయిందో ఇప్పటికీ తెల్వదు. ఆ వారం క్లాసుల సగం మంది రాలేదంట, అందరికి సర్ది. వీడు కూడ ముక్కు చీదుకుంట వచ్చిండు, మూడు రోజులల్ల వానిది తగ్గిపోయింది, పోతు పోతు చెల్లెకు ఇచ్చిపోయింది.

మొదటి రెండు రోజులు చిన్నదానికి ముక్కు కారుడే, ఆడుకుంటనే ఉన్నది. ఇంట్ల మాత్రం వైద్యం మొదలైంది. అత్తమ్మ ఊరి నుంచి వచ్చి మా దగ్గరనే ఉన్నది అప్పుడు. వాము పెనం మీద వేంచి పాత ధోతి గుడ్డల మూట కట్టి చాతికి కాపుడం పెట్టింది, దానికి నాకేం అభ్యంతరం లేదు, నా మణికట్టుకు ఆనించి చూసి వేడి సరిపోతదంటేనే పెట్టనిచ్చిన. కొబ్బరినూనెల కర్పూరం కలిపి రాస్తనంటే మాత్రం వద్దన్న. ఎదురింటామె వచ్చి రెండు చుక్కలు బ్రాందీ పట్టించమన్నది, మా ఆయన "చిన్నదానికెందుకు, నాకు పట్టించుర్రి" అన్నడు, ఆమె మళ్ళ ఆ మాట ఎత్తలే.

ఫ్రిజ్ తలుపుల పోయినేడు పెద్దోడికి తెచ్చిన దగ్గు మందు సగం సీసా ఉన్నది. చెయ్యి అటే పోయింది నాకు, అబద్ధమెందుకు. కానీ అక్టోబర్‌లనే కదా మధ్యప్రదేశ్‌ల దగ్గు మందు తాగి చిన్న పిల్లలు చనిపోయింది, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని టీవీల రోజు వచ్చింది, రెండేళ్ళ లోపోళ్ళకు దగ్గు సర్ది మందులు అసలే రాయొద్దు, ఐదేళ్ళ లోపు మామూలుగ అక్కర లేదు అని కేంద్ర ఆరోగ్య శాఖ కూడ అప్పుడే చెప్పింది. ఆ సీసా తీసి పారేసిన. పారేసినంక చేతుల ఏమి లేనట్టు అనిపించింది, అది వేరే సంగతి.

మూడో రాత్రి రెండున్నరకు లేసిన. లేసిన అంటే అది దగ్గితే కాదు, దగ్గలే, గుర్రు గుర్రు అని ఒక చప్పుడు, పిల్లి పక్కన పండుకుంటే వచ్చే చప్పుడు. ఒళ్ళు కాలుతున్నది. లైట్ వేసి అంగి పైకి లేపి చూస్తే పక్కలెగరేస్తున్నది, ఊపిరి పీల్చినప్పుడల్ల పక్కటెముకల కింద లోపలికి గుంత పడుతున్నది.

పెద్దోడు పుట్టినప్పుడు మా ఊరి ఆశక్క ఒక మాట చెప్పింది, అది ఆ రాత్రి పనికొచ్చింది. పిల్లలు ఏడ్వకుండ ఉన్నప్పుడు, నిద్రలైతే ఇంకా మంచిది, పొట్ట మీద బట్ట తీసి నిండు నిమిషం ఊపిరి ఎన్నిసార్లు ఆడుతదో లెక్కబెట్టాలె, అర నిమిషం చూసి రెండింతలు చేసుడు కాదు. రెండు నెలల నుంచి ఏడాది లోపోళ్ళకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40, అక్కడికి వచ్చినా దాటినా ఆగొద్దు, దవఖానకు పోవాలె. లెక్కబెట్టిన, 54. జరానికి కూడ ఊపిరి ఎక్కువ ఆడుతదని నాకు తెలుసు, తడిగుడ్డతోని తుడిచి మళ్ళ లెక్కబెట్టిన, 52. మా ఆయన "పొద్దు పొడవనీ, పోదాం" అన్నడు. నేను ఆ గుంత చూపించిన. ఇంకేం మాట్లాడలే, పోయి పక్కింటి ఆటో అన్నను లేపిండు. అత్తమ్మ పెద్దోడి దగ్గర ఉన్నది. ఆటోల రెండు దిక్కుల పరదాలు దించినా గాలి కోస్తున్నది, మంచుకు ముందర రోడ్డు కనపడుత లేదు, గొంగడిల దాన్ని చుట్టి మూతికి గాలి ఆడకుండ అయితదేమో అని అడుగడుక్కు తీసి చూసుడు. గొంగడి చుట్టుడు, తీసుడు, చుట్టుడు, అట్లనే పోయినం.

పిల్లల దవఖానల డ్యూటీ డాక్టర్ మంచి నిద్రల నుంచి లేసి వచ్చింది కానీ విసుక్కోలే. కాలి వేలికి క్లిప్ పెట్టింది, ఆక్సిజన్ 94. ఒకసారి నెబులైజర్ పెట్టి "ఇది అందరికి పనిచెయ్యదమ్మా, పెట్టి చూద్దాం" అన్నది. ఆ మాస్కు పెడితే ఏడ్సిన ఏడుపుకు వార్డు మొత్తం లేసింది. పెద్దగ తేడా రాలే నిజంగ, ముక్కుల ఉప్పు నీళ్ళ చుక్కలు వేసి శుభ్రం చేసినంకనే దాని ఊపిరి జెర తేలిక పడ్డది. పొద్దుగాల పెద్ద మేడం వచ్చి చూసి చెప్పింది, ఇది బ్రాంకియోలైటిస్, ఊపిరితిత్తులల్ల సన్న గొట్టాలు వాచి లోపల కఫం పడుతది, రెండేళ్ళ లోపోళ్ళకు చలికాలంల మస్తు వస్తది, వైరస్ తోని వస్తది కాబట్టి యాంటీబయాటిక్ రాయను, మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదిరినట్టే ఉంటది, ఆ తర్వాత దిగుతది, కానీ దగ్గు మాత్రం రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఆగమాగం కావద్దు. ఎక్స్‌రే తీయరా అంటే అక్కర లేదన్నది. న్యుమోనియా టీకా వేయించిండ్రా అని అడిగింది, 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు పీసీవీ వేయించినం, కార్డు చూపించిన. ఆ కార్డు బీరువల పట్టుచీరెల కింద పెట్టినందుకు మా ఆయన ఎప్పుడు నవ్వుతడు, రాత్రి అంత ఆగంల కూడ అది చేతికి దొరికింది కదా.

తర్వాత అడిగిన ప్రశ్ననే నాకు దెబ్బ. "ఇంట్ల పొగ ఏమన్న ఉంటదా?" లేదన్న. సిగరెట్? లేదు. దోమల కాయిల్? ఉన్నది. సాంబ్రాణి? రోజు తానం చేయించినంక అత్తమ్మ వేస్తది. మేడం ఏమనలే, పెన్ను పక్కన పెట్టి నా దిక్కు చూసింది అంతే.

సాయంత్రం దాకా ఉంచుకొని ఆక్సిజన్ 96కు వచ్చినంక పంపించిండ్రు. మా ఆయన అప్పటికే ఫోన్ల నెబులైజర్ మెషిన్ కార్ట్‌ల పెట్టిండు, డాక్టర్ వద్దన్నది అని చెప్పినా నాలుగు రోజులు దాన్ని తీయలే.

ఇంట్ల అసలు పని అప్పుడు మొదలైంది. ఫ్రిజ్ మీద పెద్దోడి డ్రాయింగ్ పేపర్ ఒకటి అంటించి గీతలు కొట్టిన, టైము, జరం, ఊపిరి, ఎంత తాగింది, ఉచ్చ పోసిందా. ఆరు గంటలు దాటినా డైపర్ తడవకపోతే, పాలు తాగకుంటే, పెదవులు నీలం పడితే, లేపితే లేవకుండ మగతగ ఉంటే వెంటనే తీసుకొని రమ్మన్నరు. మామూలుగ తాగేదాంట్ల సగం తాగినా చాలు, కానీ మాటిమాటికి పట్టాలె. రాగి జావ నాలుగు చెంచలు, అరగంట ఆగి పాలు, మళ్ళ జావ. పట్టే ముందు ముక్కుల సెలైన్ చుక్కలు, అది వేస్తే ఏడుపు, ఏడిస్తే కక్కుడు, కక్కితే బట్టలు, ఆ చలికి బట్టలు ఆరవు, ఇస్త్రీ పెట్టెతోని లాగులు ఆరబెట్టినోళ్ళకే తెలుస్తది ఆ బాధ. బేసిన్ల వేడినీళ్ళు పెట్టి ఆవిరి పట్టొద్దని గట్టిగ చెప్పిండ్రు, చిన్న పిల్లలు కాళ్ళతోని తన్ని మీద పోసుకుంటరంట.

నాలుగో రోజు రాత్రి ఇంకొకటి అయితుండె. నేను అప్పుడే కన్ను మూసిన, జరం వచ్చిందని మా ఆయన లేసి పారాసిటమాల్ పోస్తున్నడు, సీసా రంగు తేడాగ కనపడి ఆపిన. అది పెద్దోడిది. రెండు ఒక్క తీరు డబ్బాలే, కానీ పెద్దోడిది 5 మి.లీ.ల 250 మి.గ్రా., చిన్నదానిది 5 మి.లీ.ల 120. చిన్నది తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు, డాక్టర్ రాసింది 120 దాంట్ల 6 మి.లీ., ఆరు గంటలకొకసారి. అదే 6 మి.లీ. పెద్దోడి సీసాల నుంచి పోస్తే రెండింతల మందు పడుతది. మా ఆయన తప్పేం లేదు, రెండు సీసాలు పక్కపక్కన పెట్టింది నేనే. ఆ రాత్రే పెద్దోడి సీసాకు వాని ఎర్ర రబ్బర్ బ్యాండ్ వేసి పై షెల్ఫ్‌ల పెట్టిన.

ఊపిరి లెక్క ఐదో రోజు 44. ఏడో రోజు 36. ఆ 36 చూసి నేను వంటింట్ల కూసొని ఏడ్సిన, ఎందుకో తెల్వదు, తగ్గినంక ఏడుపు వచ్చింది.

దగ్గు మాత్రం మేడం చెప్పినట్టే ఉన్నది, రాత్రి పండవెడితే మొదలు. ఏడాది దాటింది కాబట్టి పండే ముందు అర చెంచ తేనె నాకించొచ్చు అన్నరు, దానికి కొంచెం నయమే అనిపించింది. ఆడిబిడ్డకు ఇదొక్కటే నేను గట్టిగ చెప్పిన, నీ బిడ్డకు ఏడాది నిండేదాక తేనె చుక్క కూడ నాలుకకు అద్దనియ్యకు, పురుటి స్నానం నాడు ఎవరు తెచ్చినా సరే, దానితోని బొటులిజం అనే చెడ్డ జబ్బు రావొచ్చు.

పెద్దోడికి ఈ లెక్క ఆటయ్యింది. నేను చెల్లె పొట్ట చూస్తుంటే పక్కన కూసొని లెక్కపెడుతడు, ముప్పై తొమ్మిది తర్వాత "ముప్పై పది" అంటడు. నలభై అనుడు అట్లనే నేర్చుకున్నడు. బాపమ్మ పగటిపూట కునుకు తీస్తే ఆమెది కూడ లెక్కబెట్టి "బాపమ్మది పదహారే" అని భయపడి ఉరికొచ్చిండు.

సంక్రాంతికి ఊరికి పోయినం, ఆత్మకూరు దిక్కు. అత్తమ్మ ముందే పోయి తడిపిండి పట్టించి, వాము నువ్వులు కలిపి, గుడ్డల మీద సకినాలు చుట్టుడు మొదలు పెట్టింది, ఇల్లంత వాము వాసన, నాకైతే ఆ వాసనకు కాపుడం మూటనే యాదికొచ్చింది. రాత్రి మామయ్య ప్రేమ కొద్ది కుంపటిల నిప్పులు నింపి మేము పండే రూంల పెట్టి, చలి గాలి రావొద్దని తలుపు వేసి, కిటికీకి గోనెసంచి కుక్కిండు. నేను కుంపటి బయట పెట్టిన. పొగ లేదు కదా బిడ్డా, అన్ని నిప్పులే కదా అన్నడు. పొగ లేకున్నా మూసిన రూంల నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది మామయ్యా, దానికి వాసన ఉండదు, పండుకున్నోళ్ళు పండుకున్నట్టే పోతరు అని చెప్పిన. అత్తమ్మ మొకం మాడ్సుకున్నది, "మేము నలుగురిని పెంచలేదా" అన్నది. పెంచిండ్రు. అప్పటి పెంకుటింట్ల నాలుగు దిక్కుల నుంచి గాలి ఆడేది, ఇప్పుడు స్లాబు వేసిండ్రు, ఆ మాట మా ఆయన చెప్తే ఆమె విన్నది, నేను చెప్తే వినలే. ఇట్లుంటది. కుంపటి అరుగు మీద పెడితే పొద్దున అందరం దాని చుట్టు కూసొని సకినాలు తిన్నం, చిన్నదానికి ఒక ముక్క నూరి ఇచ్చిన, దగ్గు లేదు ఆ రోజు.

తర్వాత తెలిసింది, మేము ఆటోల పోయిన రాత్రి అత్తమ్మ మొక్కిందంట, తగ్గితే సమ్మక్కకు చిన్నదాని ఎత్తు బంగారం ఇస్తా అని. బంగారం అంటే బెల్లమే, మేడారంల అట్లనే అంటరు. జాతర జనవరి 28 నుంచి 31 దాకా. ఆ జనంల, ఆ దుమ్ముల చిన్నదాన్ని తీసుకపోనియ్య అన్న, దీనికి మాత్రం ఆమె ఏం అనలే, మేము పోయి అప్పజెప్పి వస్తం, జోకుడు ఇక్కడ జోకుదాం అన్నది. బెల్లం దుకాణంల పెద్ద కాంటా మీద కూసోబెట్టినం. నేను అలవాటు కొద్ది స్వెట్టర్, టోపీ తీయబోయిన, దవఖానల అట్లనే చూస్తరు కదా, బట్టలు తీస్తేనే అసలు బరువు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది, "సమ్మక్క దగ్గర గీ పిసినారితనమేంది" అని. స్వెట్టర్ తోని, టోపీ తోని, చేతుల పట్టుకున్న సకినం ముక్క తోని సహా పది కిలోల మూడు వందలు. పదకొండు కట్టించింది.