ఎడారి ఖర్జూర తోటలో వాలంటీర్‌గా: నా అనుభవం

ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌కి, అంటే అందరూ కలిసి ఉండి కలిసి సాగుచేసుకునే ఊరికి, వాలంటీర్‌గా వెళ్తానని సైదాబాద్‌లో మా ఇంట్లో చెబితే నాన్న ఒకటే అడిగారు: "ఇంజనీరింగ్ చదివించింది ఎవరి పొలంలోనో కూలికి పోవడానికా?" జీతం లేదు. గది, తిండి, నెలకు కొంత చేతిఖర్చు ఇస్తారు, అంతే. అమ్మ టెన్షన్ యుద్ధాల గురించి. వాళ్లిద్దరినీ ఒప్పించడం ముందు కాగితాల పని తేలికే అనిపించింది.

పాస్‌పోర్ట్, డాక్టర్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ కావాలి. క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అప్లై చేస్తే స్టేషన్ నుంచి ఇంటికొచ్చి విచారించి వెళ్లారు. వాలంటీర్లకిచ్చేది బీ4 వీసా. ముంబైలో విమానం ఎక్కేముందు సెక్యూరిటీ వాళ్లు చాలాసేపు ప్రశ్నలడిగారు: ఎందుకు వెళ్తున్నావు, అక్కడ ఎవరు తెలుసు, బ్యాగు ఎవరు సర్దారు? కిబ్బుట్జ్ పంపిన ఉత్తరం చేతిలోనే ఉంచుకోవడం మంచిదైంది.

నన్ను పంపింది అరవా ఎడారికి. అక్కడ ఏడాదంతా కలిపి వాన సుమారు 30 మిల్లీమీటర్లు. మన హైదరాబాద్‌లో ఒక్క గట్టి వానకే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఉప్పగా ఉండే బోరు నీటినే డ్రిప్‌తో అందించి మెజూల్ అనే రకం ఖర్జూరం పండిస్తున్నారు. మన రైతులకూ తెలిసిన డ్రిప్ కంపెనీ నెటాఫిమ్ 1965లో హట్జెరిమ్ అనే కిబ్బుట్జ్‌లోనే పుట్టింది.

ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. తోటల్లో పుప్పొడి మనుషులే పట్టిస్తారు. నేను చేరేసరికి అది ముగిసి, కాయ పలచన చేసే పని నడుస్తోంది. తెల్లవారుజామునే లిఫ్ట్ ఎక్కి చెట్టు నెత్తికి చేరేవాళ్లం. గెలలో ప్రతి ఈనెకూ పచ్చి పిందెలు ఒత్తుగా అంటుకుని ఉంటాయి. మధ్యమధ్యలో కొన్ని ఉంచి మిగతావన్నీ వేళ్లతో గిల్లేయాలి, లేకపోతే కాయ పెరగదు. నల్లగొండ జిల్లాలో తాతయ్య ఊళ్లో ఈతచెట్ల మధ్య తిరిగినవాణ్ని. ఖర్జూరం ఈతకు దగ్గరి చుట్టమే, ముల్లు కూడా అలాగే కసుక్కున దిగుతుంది.

ఎండ ముదిరేలోపు దిగి భోజనశాలకు వెళ్తే కీరా, టమాటా, ఆలివ్‌లు, ఉడికించిన గుడ్లు, చీజ్ ఉండేవి. ఊరి లెక్కలు చూసే పెద్దాయన తన వంతు వచ్చిన రోజు మా అందరి పళ్లేలూ కడిగేవాడు. అదేదో గొప్పపని అన్నట్టు ఎవరూ చూడలేదు, తక్కువపని అన్నట్టూ చూడలేదు. నేను వెళ్లినందుకు దక్కింది ఇదే అనుకుంటాను. ఫోన్‌లో ఈ సంగతి చెప్పాక నాన్న కూలి మాట మళ్లీ ఎత్తలేదు. అన్నిచోట్లా ఇలా ఉండదు మరి. 1980ల్లో అప్పుల్లో కూరుకుపోయాక చాలా కిబ్బుట్జులు అందరికీ సమానంగా పంచడం మాని, పనిని బట్టి జీతాలిచ్చే పద్ధతికి మారాయి.

ఒక సెలవు రోజు కెటూరా కిబ్బుట్జ్‌లో మెథుసెలా అనే ఖర్జూర చెట్టును చూశాను. మసాదా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి గింజను 2005లో నాటితే మొలిచిన చెట్టది.

నేను వెళ్లింది 2023 యుద్ధానికి ముందు. ఇప్పుడైతే మన విదేశాంగ శాఖ సూచనలు చూశాకే అప్లై చేయండి. ఖర్జూరం పని నేర్చుకోవాలంటే వసంతంలో వెళ్లండి. కోత వేసవి చివర్లో మొదలవుతుంది, అప్పుడు ఎండ మన రామగుండం ఎండకేమీ తీసిపోదు.