16 కోర్లు, 16 జీబీ

ఈ రోజంతా ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే పెద్ద ప్రాజెక్టు) బిల్డుకే, అంటే దాని సోర్సు కోడును ప్రోగ్రాములుగా మార్చడానికే సరిపోయింది. వాన కదా, మాదాపూర్ ట్రాఫిక్‌లో నానడమెందుకని మియాపూర్‌లో ఇంట్లోనే కూర్చున్నాను. టీ చల్లారకముందే జట్టులో కొత్తగా చేరిన కుర్రాడి ఫోను.

"అన్నా, లింకర్ పాడైనట్టుంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?"

ఆగమని, చివరి వరుస చదవమన్నాను. ‘ఎల్‌డీ టర్మినేటెడ్ విత్ సిగ్నల్ 9’ అని ఉందట. ఎల్‌డీ అంటే లింకరే, కంపైలైన ముక్కలను కలిపి ఒక్క ప్రోగ్రాముగా కట్టేది. లింకర్ తనంతట తాను విఫలమైతే కారణం చెప్పుకుంటుంది. అక్కడికక్కడే చంపేసే 9వ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, మాట్లాడే వ్యవధి కూడా ఉండదు. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్ తీయిస్తే అనుకున్నదే: మెమరీ చాలక కెర్నెలే దాన్ని చంపేసింది.

అతని మెషీన్‌లో 16 కోర్లు, 16 జీబీ ర్యామ్. బిల్డు పనులను నడిపించే నింజాకు ఒకేసారి ఎన్ని పనులో అంకె ఇవ్వకపోతే కోర్ల సంఖ్యకు 2 కలిపి 18 పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. ర్యామ్ ఎంతుందో అది అడగదు. (నింజాలాంటిదే అయిన గ్నూ మేక్‌కు ‘జె’ ఆప్షన్ ఇచ్చి అంకె మరిచిపోతే ఇంకా ఘోరం, అసలు హద్దే ఉండదు.) కంపైల్ దశ ఎలాగో గడిచిపోతుంది. అసలు గండం లింకింగ్ దగ్గర. డీబగ్ సమాచారంతో కట్టిన ఒక్కో లింకుకు జీబీల కొద్దీ మెమరీ కావాలి. అవన్నీ చివర్లో, సాయంత్రం సైబర్ టవర్స్ దగ్గర ఆఫీసులన్నీ ఒకేసారి విడిచినట్టు, కలిసి వచ్చిపడతాయి.

"లోడ్ యావరేజ్ 40 దాటింది అన్నా, ప్రాసెసర్ చాలడం లేదేమో" అన్నాడు. టాప్ కమాండ్‌లో చూడమంటే ప్రాసెసర్ చాలా భాగం ఖాళీగానే ఉంది. లోడ్ యావరేజ్ అంటే నడుస్తున్న, వంతు కోసం చూస్తున్న ప్రాసెస్‌ల సగటు. లినక్స్ ఆ లెక్కలో డిస్కు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన ప్రాసెస్‌లనూ కలుపుతుంది. స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) మెమరీ పేజీలు అటూ ఇటూ తిరుగుతుంటే అంకె పెరుగుతుంది, పని మాత్రం సాగదు. మధ్యలో ‘నైస్’ పెట్టి చూస్తానన్నాడు. ప్రతి జబ్బుకూ ఈ తాయెత్తు ఎవరు నేర్పుతారో! అది ప్రాసెసర్ వంతును తగ్గిస్తుందే గాని ఒక్క బైటునూ వెనక్కి ఇవ్వదు.

చివరికి బిల్డును అమర్చే సీమేక్‌లో సమాంతర లింకుల పరిమితిని 2కు కుదించి, మొత్తం పనులను 12 చేయించాను. లింకర్‌గా ఎల్‌ఎల్‌డీని పెట్టించాను, అది మెమరీ తక్కువ తింటుంది. బిల్డు ఏ గొడవా లేకుండా పూర్తయింది, పక్కన బ్రౌజర్ కూడా కదులుతూనే ఉందట.

"అయితే 32 జీబీ అడగొద్దా?" అన్నాడు, కాస్త నిరాశగానే. అడగమన్నాను. వచ్చాక మాత్రం ఆ 2 లింకుల పరిమితిని తీసేయవద్దని గట్టిగా చెప్పాను. డీబగ్ లింకులు డజను ఒక్కసారి లేస్తే 32 కూడా ఎటూ చాలదు.