మాట తెగకూడదు

మా మాస్టారి చేతికి మంచి వాచీయే ఉంటుంది. కానీ పరుగెత్తేటప్పుడు దాని వంక చూడరు, పక్కవాడి చేత మాట్లాడిస్తారు. వాక్యం మధ్యలో వాడు ఊపిరి కోసం ఆగాడంటే "తగ్గించవయ్యా" అంటారు. మొదటిసారి నేను వాళ్ల పరుగు జట్టుతో కలిసిన రోజున "ఏం చేస్తుంటావు?" అని అడిగారు. "అకౌంట్స్..." అన్నాను. ఊపిరి పీల్చుకుని "సెక్షన్లో..." అన్నాను. మళ్లీ పీల్చుకుని "పని చేస్తాను" అని ముగించాను. ఆయన నవ్వలేదు. "ఉద్యోగం పేరు చెప్పడానికే ఇంత కష్టపడుతున్నావంటే నీకు జీతం చాలదు. పద, నడుద్దాం" అన్నారు.

అప్పటికి నాకు 46 ఏళ్లు. చాలామంది పరుగు కథలు షుగర్ రిపోర్టుతో మొదలవుతాయి. నాకు అలాంటిదేమీ లేదు. బావ లాక్కొచ్చాడు, వచ్చాను. బావ అంటే చుట్టరికం కాదు, ఆఫీసులో పదిహేనేళ్లుగా నా పక్క సీటు. మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు, వయసు 60 దాటింది, అప్పటికే ఆరు మారథాన్లు పూర్తి చేశారు. నాలుగో మనిషి అక్క. నర్సు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నైట్ డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, నేరుగా పరుగుకు వచ్చిన రోజులు బోలెడు.

పొద్దున ఐదింటికి మొదలు. ఐదు నిమిషాలు చూస్తారు, రాకపోతే వెళ్లిపోతారు. ఫోన్ చేసి లేపడాలు ఉండవు. ఈ నియమం మొదట్లో కటువుగా అనిపించింది గానీ, ఫోన్ చేసి ఉంటే నేను ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. ఎవరూ చేయరు కాబట్టి సాకు చెప్పడానికి మనిషి లేడు. చీకట్లో ముగ్గురు నిలబడి వీధి మలుపు వంక చూస్తుంటారన్న ఊహే నన్ను మంచం దింపేది. బూట్లు, సాక్సులు రాత్రే తలుపు దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు బావ చొక్కా తిరగేసుకుని వచ్చాడు. పది కిలోమీటర్లు అయ్యేదాకా ఎవరమూ చెప్పలేదు.

మొదటి మూడు నెలలూ రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ జెఫ్ గాలోవే స్వయంగా 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడని మాస్టారు చెప్పినా నాకు సిగ్గు పోలేదు. నడక వంతు వచ్చినప్పుడల్లా ఎవరైనా చూస్తున్నారేమోనని లేస్ కట్టుకుంటున్నట్టు వంగేవాణ్ణి. తర్వాత నడక తగ్గింది, పరుగు పెరిగింది, వేగం మాత్రం పెరగలేదు. ఆయన పెరగనివ్వలేదు. కిలోమీటరుకు ఏడు నిమిషాల నలభై సెకన్లు, ఒక్కోరోజు ఎనిమిది. కబుర్లతోనే ఆరేడు కిలోమీటర్లు అయిపోయేవి.

ఇంత మెల్లగా పరుగెత్తితే లాభమేమిటని ఒకరోజు గొడవ పెట్టుకున్నాను. ఓపిగ్గా విప్పి చెప్పారు. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరిగేదీ, చక్కెర నిల్వల్ని దాచుకుని కొవ్వును ఎక్కువగా వాడుకోవడం ఒంటికి అలవాటయ్యేదీ ఈ నింపాది పరుగులోనేనట. వారంలో ఒక్కరోజు వేగానికి, మిగతాదంతా కబుర్లకు. ఆపైన ఎడ్ విట్‌లాక్ సంగతి చెప్పారు. కెనడాలో ఉండేవాడు. 2004లో, 73వ ఏట, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. ఆయన సాధనలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరి శ్మశానంలో గంటల తరబడి మెల్లగా చుట్లు తిరగడమే. "శ్మశానంలో అయితే మాట కలిపేవాళ్లెవరు మాస్టారూ?" అన్నాడు బావ. ఆ రోజంతా బావతో మాస్టారు మాట్లాడలేదు.

రెండో ఏడాది మారథాన్‌కు పేరు ఇచ్చాం. ఇరవై వారాల ప్రణాళిక మాస్టారు గళ్ల కాగితం మీద గీశారు. సోమవారం విశ్రాంతి, బుధవారం వేగం, శుక్రవారం బరువులు, ఆదివారం లాంగ్ రన్, మిగిలిన రోజుల్లో కబుర్ల పరుగు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాలి. ఆ తగ్గించే వారాలంటే నాకు చిరాకు.

ఆ చిరాకే కొంప ముంచింది. ఏడో వారానికి ఊపిరి ఎంత తేలికైందంటే, నాలో ఇంకెవరో ఉన్నారనిపించేది. అలాంటప్పుడు కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలేమిటి? సాయంత్రాలు ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే వెళ్లి, వాచీ చూసుకుంటూ ఐదున్నర నిమిషాల వేగంతో పరుగెత్తడం మొదలుపెట్టాను. నాలుగు సాయంత్రాలు బ్రహ్మాండంగా సాగింది. ఐదో సాయంత్రం కుడి పిక్క మీద ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టు టప్‌మని తగిలింది. నిజంగానే ఆగి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మరో అడుగు వేయబోతే మడమ నేలకు ఆనలేదు. ఇంటికి కిలోమీటరున్నర, గోడలూ గేట్లూ పట్టుకుని కుంటుకుంటూ చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. దారిలో బావకు ఫోన్ చేద్దామని రెండుసార్లు జేబులో చెయ్యి పెట్టి, తీసేశాను.

పిక్క కండరం కొద్దిగా చిరిగిందన్నారు ఫిజియో. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి, ఎముకలకు అతుక్కునే కండరాల గట్టి కొసలు అలవాటు పడడానికి నెలలు పడుతుంది, ఈ వయసులో ఇంకా ఎక్కువ, అని చెప్పి "ఇంజను మార్చారు, బండి పాతదే కదండీ" అన్నారు. నాలుగు వారాలు పరుగు బంద్. నొప్పి తగ్గాక మెట్టు అంచున ముందరి పాదం మీద నిలబడి, మడమ లేపి, మెల్లగా మెట్టు కిందికి దించాలి. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, రోజూ. పళ్లు తోముకుంటూ చేసేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నన్ను తప్పుకుని మెట్లు దిగడం నేర్చుకున్నారు.

మాస్టారికి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. అంతా విని ఒకటే అడిగారు.

"ఆ సాయంత్రాలు ఎవరితో మాట్లాడుతూ పరుగెత్తావు?"

"ఎవరితోనూ లేదండీ."

"మరి నీకెలా తెలుస్తుంది?"

తిట్టినా బాగుండేది. మర్నాడు ఐదింటికి సైకిల్ మీద రమ్మన్నారు. ఆ నెలంతా వాళ్ల వెనకాల నీళ్ల సీసాలు మోస్తూ సైకిల్ తొక్కాను. ముగ్గురి నడకతీరు వెనక నుంచి చూడడం అదే మొదలు. అక్క భుజాలు కదలవు. బావ కుడి పాదాన్ని కొద్దిగా ఈడుస్తాడు. మాస్టారి అడుగు చప్పుడే వినపడదు.

తిరిగి పరుగు మొదలయ్యాక అక్క నన్ను తన అజమాయిషీలోకి తీసుకుంది. లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోమనేది. ఒకసారి కిలోన్నర తగ్గానని సంబరంగా చెబితే "అది కొవ్వు కాదు తమ్ముడూ, చెమట" అంది. అలాగని దొరికిన చోటల్లా నీళ్లు తాగేయకూడదట. అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. "దాహం వేస్తే తాగు, పందెం పెట్టుకున్నట్టు తాగకు" అనేది. జెల్, అంటే పరుగులో శక్తి కోసం మింగే చక్కెర పాకంలాంటి ముద్ద, మాత్రం ఆకలి కోసం ఆగకుండా నలభై నిమిషాలకొకటి తీసుకోవాల్సిందే. తొడల మధ్య, చంకల్లో ఒరుసుకోకుండా వ్యాజిలైన్ రాసుకోవాలన్న సంగతి కూడా ఆవిడే మొహమాటం లేకుండా చెప్పింది. చెప్పిన మొదటిరోజు విననందుకు స్నానం చేసేటప్పుడు కేక పెట్టాను.

పదిహేడో వారంలో 32 కిలోమీటర్లు. అసలు పరీక్ష ఆ రోజే అనిపిస్తుంది నాకు. మాస్టారు ముందురోజే లెక్క కట్టి చూపించారు. కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి దాదాపు ఒక కేలరీ ఖర్చు. నా బరువు 72, మారథాన్ దూరం 42. అంటే మూడు వేల పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో చక్కెరగా దాచుకున్న నిల్వ రెండు వేలకు అటూ ఇటూ. "కొట్లో సరుకు రెండు వేలు, బేరం మూడు వేలు. కొంత కొవ్వు అప్పిస్తుంది, కొంత జెల్ అప్పిస్తుంది. అయినా 30 దగ్గర కొట్టు కట్టేస్తామని ఒళ్లు బెదిరిస్తుంది" అన్నారు.

ఇరవై దాకా మామూలే. ఇరవై ఆరు దగ్గర అందరం నీరసపడుతున్నామని ఆయన కథ ఎత్తుకున్నారు. కుర్రతనంలో మొట్టమొదటి ఇంటర్వ్యూకి వెళుతూ తప్పు రైలెక్కారట. రైలు కదిలింది. ఎదుటి సీటాయన ఈయన టికెట్ చూసి, "బాబూ, నువ్వు..." అన్నాడు. అక్కడికి ఇరవై తొమ్మిదో కిలోమీటరు వచ్చింది. మాస్టారు ఆగారు. మళ్లీ మొదలుపెడతారేమోనని చూశాను. పెట్టలేదు. ఆయన మాట తెగడం అదే మొదటిసారి వినడం. ఎవరమూ ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు కిలోమీటర్లూ నాలుగు జతల బూట్ల చప్పుడే. తొడలు రాళ్లయ్యాయి, అరికాళ్లు మండుతున్నాయి, ఏ కారణమూ లేకుండా బావ మీద విపరీతమైన కోపం వచ్చింది. వాడికీ నా మీద అలాగే వచ్చిందని తర్వాత చెప్పాడు.

చివరి మూడు వారాలూ దూరం తగ్గించారు. దాన్ని టేపర్ అంటారు. కాళ్లకు విశ్రాంతే గానీ బుర్రకు లేదు. ఎడమ మోకాలు నొప్పి అనిపించేది, మర్నాడు అది కుడి మోకాలికి మారేది. ఎవరైనా తుమ్మితే గదిలోంచి బయటికి పోయేవాణ్ణి.

పోటీ రోజున అక్క తన వేగంతో ముందుకు వెళ్లిపోయింది. బావ కూడా మాతో ఉంటానని మాటిచ్చి, రెండో కిలోమీటరులోనే జనంలో కలిసిపోయాడు. మాస్టారూ నేనూ కిలోమీటరుకు ఆరు నిమిషాల నలభై అయిదు సెకన్ల దగ్గర స్థిరపడ్డాం. సగం దూరం 2 గంటల 22 నిమిషాల్లో అయింది. ఇరవై ఎనిమిది దాకా కబుర్లు చెప్పాను, గర్వంగానే చెబుతున్నాను. ముప్పై మూడు దగ్గర ఇంకా ఎంత దూరమో లెక్క కట్టబోతే తెగలేదు. పాతికేళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నవాణ్ణి, 42లోంచి 33 తీసేయలేకపోయాను.

ముప్పై ఐదు దగ్గర బావ రోడ్డు అంచున కూర్చుని, రెండు చేతులతో పిక్క పట్టుకుని కనిపించాడు. మాస్టారు వంగి వాడి పాదం ముందుకు వంచి పట్టుకున్నారు. పిక్కలో కండ పురుగులా మెలికలు తిరగడం పైకే కనిపిస్తోంది. రెండు నిమిషాలకు సర్దుకుంది. "మీరు పదండి, నేను నడిచి వస్తా" అన్నాడు, మా మొహాలు చూడకుండా.

ముప్పై ఏడు దాటాక మాస్టారు నా వైపు తిరిగి, "ఏం చేస్తుంటావు?" అని అడిగారు. చెప్పబోయాను. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. చెయ్యెత్తి ఊపాను. "పద, నడుద్దాం" అన్నారు. ఒక నిమిషం నడిచాం. ఈసారి లేస్ కట్టుకుంటున్నట్టు వంగలేదు. వంగితే లేవగలననే నమ్మకం లేదు.

నలభై రెండు బోర్డు దాటాక కూడా ఇంకా 195 మీటర్లు ఉంటుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించాలని 26 మైళ్ల 385 గజాలు పెట్టారు. 1921లో అదే ఖాయమైంది. ఈ చరిత్ర నాకు ముందే తెలుసు, ముచ్చటగానూ ఉండేది. ఆ 195 మీటర్లు పరుగెత్తుతున్నప్పుడు మాత్రం ఆ రాజకుటుంబాన్ని మనసులో చాలానే అన్నాను.

4 గంటల 58 నిమిషాలు. అక్క 4 గంటల 31 నిమిషాల్లో వచ్చి, అప్పటికే బట్టలు మార్చుకుని, మా కోసం నీళ్లు పట్టుకుని నిలబడింది. ఇరవై నిమిషాల తర్వాత బావ కుంటుకుంటూ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. బూట్లు విప్పితే నా ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉంది.

కాసేపటికి అడిగాను. "మాస్టారూ, ఇంతకీ ఆ రైలు సంగతేమైంది?"

"ఏ రైలు? ఓ, అదా. తర్వాతి స్టేషన్లో దిగి, పట్టాల పక్కనే వెనక్కి పరుగెత్తాను. ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. టైముకే అందుకున్నాను."

"ఉద్యోగం వచ్చిందా?"

"ఎలా వస్తుందయ్యా? పేరు అడిగారు. మూడు విడతల్లో చెప్పాను."