మూడు పట్టీలు

2024 ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున, అమెరికాలో ఆర్మీ రిజర్వ్ సెంటర్ పార్కింగులో కారులోనే కూర్చుని, నా యూనిఫాం మీదున్న సార్జెంట్ ప్యాచ్ నేనే పీకేశాను. వెల్‌క్రో కదా, కుట్లు విప్పే పనేం లేదు, చర్రుమని ఒక్క చప్పుడు, అంతే. మూడు పట్టీలున్న ఆ చిన్న గుడ్డముక్కని పర్సులో నాన్న ఫొటో వెనకాల పెట్టుకుని, మూడేళ్ల కిందట తీసి దాచిన, దాని కింది ర్యాంకైన స్పెషలిస్టు ప్యాచ్ అంటించుకుని లోపలికి నడిచాను. నేను పని నేర్పిన పిల్లలు అలవాటుకొద్దీ "సార్జెంట్" అనబోయి, ఛాతీ వైపు చూసి, సగంలో ఆపేశారు. ఒకమ్మాయి అయితే కళ్లు దించుకుంది.

ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, నాకు తెలిసిన మన పిల్లలు కొందరు గ్రీన్ కార్డు రాగానే ఇక్కడ ఆర్మీ రిజర్వ్‌లో చేరారు, నేనూ 2016లో అలాగే చేరాను, వాళ్లందరి అమ్మానాన్నలూ ఇండియాలోనే ఉన్నారు. నాకొచ్చిన ఫోన్ వాళ్లకీ ఏదో ఒక రాత్రి రావచ్చు.

ముందు లెక్క చెప్తాను, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. రిజర్వ్ అంటే నెలకో శని, ఆదివారాలు డ్రిల్, ఏడాదికి కనీసం 14 రోజుల క్యాంపు. వినడానికి చాలా తేలిక. కానీ హాజరు రోజుల్లో వేయరు, పూటల్లో వేస్తారు, ఒక్కో పూట కనీసం నాలుగు గంటలు. శనివారం రెండు పూటలు, ఆదివారం రెండు పూటలు, అంటే ఒక్క వారాంతం నాలుగు, ఏడాదికి 48. ఏడాది వ్యవధిలో తొమ్మిది పూటలు అనుమతి లేకుండా రాకపోతే ఏఆర్ 135-91 అనే రెగ్యులేషన్ ప్రకారం నువ్వు 'అన్‌శాటిస్‌ఫాక్టరీ పార్టిసిపెంట్', అంటే హాజరు సరిగ్గా లేని మనిషివి. రెండు వారాంతాలకే ఎనిమిది అయిపోతాయి, మూడో నెల శనివారం పొద్దుటి పూటతో తొమ్మిది నిండుతాయి. నేను మూడు నెలలు వెళ్లలేదు, పన్నెండు.

2023 సెప్టెంబరులో ఖమ్మం నుంచి అమ్మ ఫోన్. నాన్నకి పక్షవాతం, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట రావట్లేదు. అక్కడ అమ్మ ఒక్కతే. ఇక్కడ డాలస్‌లో మా ఆయన టికెట్ చూస్తుంటే నేను సూట్‌కేస్‌లో ఏం వేస్తున్నానో తెలియకుండానే సర్దుకుంటూ, విమానాశ్రయానికి వెళ్లే దారిలో నా పైవాడైన మా ప్లటూన్ సార్జెంట్‌కి మెసేజ్ పెట్టాను. ఆయన వెంటనే జవాబిచ్చారు, ముందు కుటుంబం చూసుకో, ఇక్కడ నేను చూసుకుంటాను, తప్పిన పూటలకి బదులు తర్వాత మేకప్ డ్రిల్ వేయిద్దాం అని. మంచి మనిషి, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, దానిలో నాకే అనుమానమూ లేదు. ఆ ధైర్యంతోనే అక్టోబరు, నవంబరు కూడా ఆసుపత్రిలోనూ ఆ తర్వాత ఫిజియోథెరపీ దగ్గరా ఉండిపోయాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన వేరే యూనిట్‌కి బదిలీ అయ్యారు, మా యూనిట్‌కి కొత్త కమాండర్ వచ్చారు. హాజరు పట్టీలో నా పేరు పక్కన పన్నెండు పూటలూ 'యు' అక్షరమే, అంటే అన్‌ఎక్స్‌క్యూజ్డ్, అనుమతి లేని గైర్హాజరు. నాకు మూడు నోటీసులు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపామన్నారు. నాకొక్కటీ అందలేదు. జనవరిలో నన్ను పిలిచి, ఇనెఫిషియెన్సీ కింద ఒక ర్యాంకు తగ్గించే చర్య మొదలుపెడుతున్నామని కాగితం చేతిలో పెట్టారు.

ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఇనెఫిషియెన్సీ అంటే ఆ ర్యాంకుకి తగిన సామర్థ్యం లేదని అర్థం. జీతంలో తేడా నెలకి ఏమంత కాదు, అది పోయినా తట్టుకునేదాన్ని. 2021లో సార్జెంట్ అయ్యాక మా సప్లై సెక్షన్‌లో ఒక్క సామాను లెక్క తేడా రానివ్వలేదు, కొత్తగా వచ్చిన పిల్లలకి ఆదివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చోబెట్టి నేర్పించాను, అలాంటిది నా ఫైల్లో ఆ పదం ఎక్కుతుందంటే రాత్రిళ్లు నిద్ర పట్టలేదు.

అప్పుడు నేనొక పెద్ద తప్పు చేశాను. సార్జెంట్, ఆ పై ర్యాంకులవాళ్లని ఈ కారణంతో తగ్గించాలంటే, ముందు విచారణ బోర్డు ఎదుట హాజరై చెప్పుకునే హక్కు ఉంటుంది. రెగ్యులేషన్ ఏఆర్ 600-8-19లో స్పష్టంగా ఉంది. ఆ హక్కు వద్దనుకుంటే రాసి సంతకం పెట్టాలి. నేను పెట్టేశాను. విమాన ప్రయాణం అలసట, నాన్న మీద బెంగ, ఆఫీసులో పోగుపడిన పని, ఇవన్నీ ఉన్నాయి నిజమే, కానీ అసలు కారణం సిగ్గు. నా కింద పనిచేసేవాళ్లు ఈ సంగతి వినకూడదు, త్వరగా అయిపోతే చాలు అనుకున్నాను. ఎవరైనా అలాంటి కాగితం మీ ముందు పెడితే ఆ రోజు సంతకం పెట్టకండి. ట్రయల్ డిఫెన్స్ సర్వీస్ అని ఆర్మీలోనే లాయర్లు ఉంటారు, ఫీజు లేదు, కమాండర్ చెప్పుచేతల్లో ఉండరు, వాళ్లతో మాట్లాడాకే పెట్టండి.

ఆర్డరు వచ్చాక కూడా నాన్నకి చెప్పకూడదనే అనుకున్నాను. నేను సార్జెంట్ అయినప్పటి ఫొటో ఖమ్మంలో హాల్లో టీవీ పైన ఉంటుంది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తారు. కానీ మా నాన్న ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ భాగం ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే. మెమోలు, ఎక్స్‌ప్లనేషన్లు, చార్జిషీట్లు, రివర్షన్లు, ఆయన చేతి మీదుగా వెళ్లిన ఫైళ్లకి లెక్కే లేదు. వీడియో కాల్‌లో నా మొహం చూసి రెండోసారి అడిగేసరికి చెప్పేశాను. అప్పటికి ఆయనకి మాట కొంచెం తిరిగొచ్చింది, ఒక్కో పదం కూడబలుక్కుని పలుకుతున్నారు. నేను ఏడుస్తుంటే ఓదారుస్తారనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం ఎవరిదమ్మా?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగారు. "నోటీసు పంపామన్నారు కదా. తీసుకున్నట్టు సంతకం ఎవరు పెట్టారు? ఏ అడ్రసుకి పంపారు?"

అదీ సంగతి. ఇక్కడ సర్టిఫైడ్ మెయిల్‌కి కూడా ఇదివరకటి మన రిజిస్టర్డ్ పోస్టుకి ఉన్నట్టే కార్డు ఉంటుంది, ఆకుపచ్చ రంగుది, తీసుకున్నవాళ్లు సంతకం పెడితే పంపినవాళ్లకి తిరిగి వెళ్తుంది. నా ఫైలు కాపీ కావాలని రాసి అడిగితే ఆరు వారాలకి వచ్చింది. మూడు కవర్లూ నేను 2023 జూన్‌లో ఖాళీ చేసిన పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లి, ఎవరూ తీసుకోక వెనక్కి వచ్చాయి. కార్డుల్లో సంతకం చోటు ఖాళీ.

దీన్నిబట్టి గెలిచినట్టే అనుకోకండి, నేనూ అలాగే అనుకున్నాను. హాజరు రెగ్యులేషన్, సైనికుడు ఇచ్చిన తాజా అధికారిక చిరునామాకి సరిగ్గా పంపితే చాలంటుంది, ఉత్తరం తీసుకోలేదు, అందలేదు అని ఆ తర్వాత చెప్పుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఉత్తరం అందిందా లేదా అనేదాంతో పని లేదు, కొత్త చిరునామా నేను ఇచ్చానా లేదా అన్నదే ప్రశ్న. ఇచ్చాను. జూన్‌లో యూనిట్ అడ్మిన్‌కి ఈమెయిల్ పెట్టాను, "అందింది, మారుస్తాం" అని జవాబూ ఉంది. రెండు పంక్తుల ఈమెయిల్. ఆ రెండు పంక్తులు దొరికిన రాత్రి మా ఆయన్ని నిద్ర లేపి మరీ చూపించాను.

మొదటి అప్పీలు పై కమాండర్‌కి. దానికి నేను రాసుకున్న ఉత్తరం నాలుగు పేజీలు, నాన్న పరిస్థితి, అమ్మ ఒంటరితనం, నా సర్వీసు, అన్నీ. లాయర్ కెప్టెన్ ఒకావిడ అది మొత్తం ఓపిగ్గా చదివి, కష్టం గురించి ఒక పేరా చాలు, మిగతా చోటంతా మూడు ప్రశ్నలకి ఇవ్వమన్నారు. అనుమతి ఉందా? నోటీసు సరైన చిరునామాకి వెళ్లిందా? ఇనెఫిషియెన్సీ అనడానికి పనితీరు గురించి ఫైల్లో ఇంకేం ఉంది? ఆ మూడోది నాకు తట్టనే లేదు. ఆ ఆరోపణకి పెట్టే కాగితాలు ఒక్క సంఘటనని కాకుండా పనిలో కొనసాగుతూ వచ్చిన లోపాన్ని చూపించాలి, నా ఫైల్లో ఉన్న కౌన్సెలింగ్ కాగితాలు, అంటే నా పనితీరు మీద పైవాళ్లు రాసినవి, అన్నీ మెచ్చుకున్నవే. కొత్త ఉత్తరం ఒకటిన్నర పేజీ వచ్చింది. దానికి ప్లటూన్ సార్జెంట్‌తో మెసేజ్‌ల కాపీలు, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, విమానం టికెట్లు, జూన్ ఈమెయిల్ జతచేశాను. బదిలీ అయిన ప్లటూన్ సార్జెంట్‌ని వెతికి పట్టుకుంటే, ఆయన తనే అనుమతి ఇచ్చానని, హాజరులో నమోదు చేయించడం తన వల్ల జరగలేదని సంతకంతో రాసిచ్చారు. తన మీదకి వస్తుందని తెలిసీ రాసిచ్చారు. ఆయన రుణం తీర్చుకోలేను.

అప్పీలు తిరస్కరించారు. ఒక్క వాక్యం. కారణాలు లేవు.

ఆ వారం మానేద్దామనుకున్నాను, కాంట్రాక్టు పూర్తికాగానే బయటికి వచ్చేద్దామని. ఆర్మీలో ఫిర్యాదులు చూసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసులో అడిగితే, ఇలాంటివాటికి అప్పీలు దారి వేరే ఉంది కాబట్టి అటే వెళ్లాలన్నారు, అది నిజమే. ఆ దారి పేరు ఆర్మీ బోర్డ్ ఫర్ కరెక్షన్ ఆఫ్ మిలిటరీ రికార్డ్స్. పూర్వం ఒక సైనికుడి రికార్డులో తప్పు దిద్దాలంటే అమెరికా కాంగ్రెస్ ఆ ఒక్క మనిషి కోసం బిల్లు పాస్ చేయాల్సి వచ్చేదట, 1946లో చట్టం మార్చి ఆ పని ఈ బోర్డులకి అప్పజెప్పారు. సభ్యులు సివిలియన్లు, కేసుకి ముగ్గురు. డీడీ ఫారం 149 నింపాలి, తప్పు తెలిసిన మూడేళ్లలోపు పంపాలి, న్యాయం కోసం అవసరమనుకుంటే గడువు దాటినా వాళ్లు తీసుకోవచ్చు. దాదాపు అన్నీ కాగితాల మీదే తేలుస్తారు, మనం ఎదుట నిలబడి చెప్పుకునేది అరుదు. ఆర్మీ చేసింది సవ్యమేనన్న నమ్మకంతో మొదలుపెడతారు, తప్పని రుజువు చేయాల్సిన భారం మనదే.

ఆ బోర్డు పాత తీర్పులు పేర్లు తీసేసి అందరూ చదువుకునేలా పెట్టారు. నెల రోజులు రాత్రిపూట అవే చదివాను. కొన్ని చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది, కష్టం నిజమే అయినా కాగితం లేక ఓడిపోయినవాళ్లు. ఏం జతచేసినవాళ్లకి ఏం వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకుని, నాన్నకి వారం వారం చదివి వినిపించేదాన్ని. ఆయన ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొడుతూ, "అనెక్షర్లకి నంబర్లు వెయ్యి. పేరాలో ఏ మాట అన్నా పక్కనే అనెక్షర్ నంబరు ఉండాలి" అనేవారు. జతచేసే కాగితాలన్నిటికీ అలాగే వేశాను. 2024 జూన్‌లో పంపాను.

కొత్త కమాండర్ మీద ఇప్పుడు నాకు కోపం లేదు. నేను లేని మూడు నెలలూ నా పని ఇంకెవరో చేశారు, ఆయన కుర్చీలోంచి చూస్తే మూడు నెలలు కనపడని ఒక సార్జెంట్, తిరిగొచ్చిన మూడు కవర్లు, అంతే. అనుమతి మెసేజ్‌లో కాకుండా ఈమెయిల్‌లో, కమాండర్‌కి కాపీ పెట్టి, ఆసుపత్రి కాగితం జోడించి నేను అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అనారోగ్యం, ఎమర్జెన్సీ ఉంటే మన్నించే అధికారం ఆయనకి ఆ హాజరు రెగ్యులేషనే ఇచ్చింది. కానీ ఆ విచారణ బోర్డు వద్దని సంతకం పెట్టేటప్పుడు, దానర్థం ఇదీ అని ఒక్కరు నాకు నిదానంగా చెప్పి ఉండాల్సింది. అది మాత్రం ఇప్పటికీ అంటాను.

జవాబు 2025 మే నెలలో వచ్చింది. ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఫోన్‌లో తెరిచాను, చేతులు వణికి రెండుసార్లు పేజీ దాటిపోయింది. పన్నెండు పూటలూ ఎక్స్‌క్యూజ్డ్‌గా మార్చాలి, ర్యాంకు తగ్గించిన ఆర్డరు రద్దు చేయాలి, రావాల్సిన జీతం తేడా చెల్లించాలి. ఖమ్మంలో అప్పటికి రాత్రి పదకొండు దాటింది. అయినా ఫోన్ చేశాను. అమ్మ ఫోన్ ఎత్తి, నాన్నని లేపి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. మొత్తం చదివి తెలుగులో చెప్పమన్నారు, పేరా పేరా చెప్పాను. చివరిదాకా ఏమీ మాట్లాడలేదు.

"ర్యాంకు ఎప్పటి నుంచి ఇచ్చారు? ఇవాళ్టి తేదీ నుంచా?"

మళ్లీ వెతికి చూశాను. డేట్ ఆఫ్ ర్యాంక్ 2021దే, మొదట ఇచ్చిన తేదీయే.

"అయితే సీనియారిటీ పోలేదు," అన్నారు నాన్న. అమ్మని కళ్లజోడు ఇమ్మన్నారు, ఆ పేజీ తనకి కనపడేలా చూపించమన్నారు.