గ్రూప్-2: ఫోను బీరువాలో పెట్టాక

తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు చూసిన దగ్గర్నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: ఏ పుస్తకాలు చదివారు? మీరు చదివినవే. ఆ పట్టిక మీ దగ్గరా ఉంది కాబట్టి దాని జోలికి పోను. ఇల్లు, చిన్న పాప, పూట ఉద్యోగం మధ్య చదువు ఎలా సాగిందో మాత్రం చెబుతాను.

మొదట్లో నాలుగు పనులు ఒకేసారి చక్కబెట్టగలనని నాకు గర్వంగా ఉండేది. వంట చేస్తూ కరెంట్ అఫైర్స్ వినడం, వీడియో పాఠం రెట్టింపు వేగంతో నడుస్తుంటే నోట్సు రాయడం, మధ్యలో టెలిగ్రామ్ క్విజ్. రాత్రి లెక్క వేస్తే చదివిన గంటలు బ్రహ్మాండంగా కనిపించేవి. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. ఆడియోలో విన్న పథకం పేరు గుర్తుండేది, అది ఏ శాఖదో గుర్తుండేది కాదు.

ఒక మాక్ టెస్టు తర్వాత తప్పులన్నీ రెండు వరుసల్లో రాశాను: తెలియనివి, తెలిసీ తప్పు పెట్టినవి. రెండో వరుసే పొడవు! అందులోనూ ఎక్కువ పేపర్-4వి, అంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావానివి. ఉద్యోగాల వివాదం చల్లార్చడానికి వచ్చిన రాజీ సూత్రాలే చూడండి: అష్టసూత్ర పథకం 1969 ఏప్రిల్ 11, పంచసూత్ర పథకం 1972 నవంబరు 27, షట్సూత్ర పథకం 1973 సెప్టెంబరు 21. తేదీలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ముల్కీ నిబంధనలను (ఉద్యోగాలు స్థానికులకే అనేవి) పరిమితంగా ఉంచింది ఏది, ఎత్తేసింది ఏది అని అడిగితే మాత్రం తడబాటే. నోట్సు తీసి చూస్తే అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. చెయ్యి రాసింది, బుర్ర క్విజ్‌లో ఉంది.

మర్నాడు తెల్లవారుజామున ఫోను బీరువాలో పెట్టి, తాళం మావారికిచ్చి, ఆ ఒక్క అధ్యాయంతో కూర్చున్నాను. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు. దానిమీద ఆంధ్రలో ఆందోళన. ఇరువర్గాలను సర్దడానికి నిబంధనలను కొన్ని ఉద్యోగాలకు, కొంత కాలానికి కుదించిన పంచసూత్రం. అయినా ప్రత్యేక ఆంధ్ర కోరే జై ఆంధ్ర ఉద్యమం చల్లారలేదు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అప్పుడు ముల్కీని పూర్తిగా తీసేసి స్థానిక కేడర్లు (జిల్లా, జోన్ వారీ ఉద్యోగ వర్గాలు) తెచ్చిన షట్సూత్రం. దాన్నుంచి రాజ్యాంగ 32వ సవరణ, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. వాటి ఉల్లంఘనలు సరిదిద్దడానికి 1985లో 610 జీవో. ఇంతకాలం విడివిడిగా మోసినవన్నీ ఒక్క పూటలో ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పాప లేచేసరికి నాలో నేనే నవ్వుకుంటున్నాను.

సగంలో వదిలిన పని తర్వాతి పనిలోకీ మనతో వస్తుందని, దానివల్ల రెండోది దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. అలవాటైతే నేర్పు వస్తుంది కదా అంటారా? అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, ఒకేసారి అనేక తెరలతో గడిపేవారే పని మారడంలో వెనకబడ్డారు.

మా మామయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన పద్యాల మనిషి. ‘అష్టావధాని ఎనిమిది మందిని ఒకేసారి మెప్పించడం లేదా అమ్మా?’ అన్నారు. ఆయన పక్కనే కూర్చుని ఒక అవధానం వీడియో చూశాను. నిషిద్ధాక్షరి అనే అంశానికి ఒక పాదం చెప్పాకే అవధాని సమస్యాపూరణం అడిగినవారి వైపు తిరుగుతారు. అక్కడి పాదం ముగించి దత్తపదికి వెళ్తారు. ఏ క్షణం చూసినా ఆయన ముందున్నది ప్రశ్న అడిగే ఒక్క పృచ్ఛకుడే. దృష్టి చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. ‘మన ఫోను ఆ ప్రసంగే మామయ్యగారూ, కాకపోతే సభ ముగిసినా ఇంటికి వెళ్లడు’ అన్నాను. ఆయన నవ్వేశారు. సాయంత్రాలు పాపను తానే పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. నాకు దొరికిన అసలైన కోచింగ్ అదే.

బంధువుల్లో మాత్రం ‘అప్పుడే ఆఫీసరై పోయింది, ఫోను ఎత్తదు’ అనే మాట పుట్టింది. ఎత్తలేదు, నిజమే. పెళ్లిళ్లకు వెళ్లాను, ఆసుపత్రులకు వెళ్లాను, గ్రూపుల్లో శుభోదయాలకు జవాబివ్వలేదు. అందులో నాకు తప్పేమీ కనబడదు. పన్నెండు గంటలు చదివానని స్టేటస్ పెట్టేవారు ఆ స్టేటస్‌ను ఎందరు చూశారో ఎన్నిసార్లు చూసుకున్నారో కూడా రాస్తే బాగుంటుంది. కోపం తెచ్చుకోకండి, ఆ బాపతు నేనూ ఒకప్పుడు.

మిగతా పేపర్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎకానమీకి సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్, బడ్జెట్ వదలకండి. పరీక్షలో 150 నిమిషాలకు 150 ప్రశ్నలు. ఒక పేజీ ప్రశ్నలు పూర్తిచేశాకే ఓఎంఆర్ దిద్దాను, ప్రశ్నకూ షీటుకూ మధ్య అస్తమానం తిరగలేదు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ ఒక్కటీ ఉంచలేదు.

నోట్సు పీడీఎఫ్ అడుగుతున్నవారికి: పంపను. ఇప్పటికే మీ ఫోనులో తెరవనివి చాలానే ఉంటాయి.