చెరువు కట్టకు ఫొటో చూసి మార్కులేస్తే ఎంత నమ్మొచ్చు?

వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద చెట్లుంటే జనానికి బాగుంటుందా, షెడ్డు ఉంటే బాగుంటుందా? ముందే కట్టి చూపించలేం కాబట్టి ఒకే ఫొటోలో ఓసారి చెట్టు, ఓసారి షెడ్డు పెట్టి మార్కులు వేయిస్తాం. ఇది పాత పద్ధతే. స్లైడ్లు చూపించి అడవుల అందాన్ని కొలవడం ఎలాగో అమెరికాలో డేనియల్, బోస్టర్ 1976లోనే రాసిపెట్టారు.

ఎక్కువగా చెడేది లెన్సు దగ్గర. పాత ఫిల్మ్ కెమెరా లెన్సుల లెక్కలో చెప్తే ఫోన్ల మామూలు కెమెరా దాదాపు 26 మి.మీ. లెన్సుకు సమానం. దాంతో తీస్తే ముందున్న దారి వెడల్పయి, అవతలి గుట్ట గులకరాయంత అయిపోతుంది. రెండింతల జూమ్ పెడితే, కంటికి కనిపించే తీరుకు దగ్గరగా ఉండే 50 మి.మీ. దగ్గరికొస్తుంది. కెమెరా 1.6 మీటర్ల ఎత్తున, ఏటవాలు లేకుండా ఉండాలి. అన్నీ ఒకే వారంలో, ఒకే వేళకు తీయండి. వానకాలం ఫొటోలో ఎండకాలం ఫొటో కలిస్తే మార్కులు పడేది కాలానికి, చోటుకు కాదు.

చూసే దూరాన్ని చాలామంది వదిలేస్తారు, అది తప్పు. 50 మి.మీ. ఫొటో తెర మీద 1.8 మీటర్ల వెడల్పు వస్తే, 2.5 మీటర్ల దూరం నుంచి చూసినవాళ్లకే గుట్ట అసలు సైజులో కనిపిస్తుంది. వెనక బెంచీవాళ్లకు చిన్నదవుతుంది. అందుకే క్లాసంతటికీ ఒకేసారి చూపించొద్దు. ఫొటోకు 8 సెకన్లు, 10కి మార్కులు, ఫొటోలు చూపించే వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా. కొందరిది ధారాళమైన చెయ్యి, కొందరిది పిసినారి చెయ్యి. అందుకే ఎవరి సగటును వాళ్ల మార్కుల్లోంచే తీసేసి, వాళ్ల ప్రామాణిక విచలనంతో (మార్కులు సగటు నుంచి ఎంత అటూఇటూ చెదిరాయో చెప్పే కొలత) భాగించాకే కలపండి.

ఫొటోకు బదులు కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌లో చూపిస్తే ఇబ్బందులు వేరు. 360 డిగ్రీల కెమెరాకు మీటరులోపు ఉన్న రెయిలింగు, బొమ్మలను అతికించిన చోట విరిగినట్టు వస్తుంది, చూసేవాళ్ల కళ్లన్నీ దాని మీదే. కంప్యూటర్‌లో కట్టిన మోడల్‌కు సెకనుకు 90 ఫ్రేములు ఉండేలా చూసుకోండి. తల తిప్పాక బొమ్మ ఆలస్యంగా కదిలితే కడుపులో తిప్పుతుంది, ఆ చిరాకంతా మార్కుల్లోకి ఎక్కుతుంది. అందుకే వికారం, తలతిరుగుడు లాంటివి ఉన్నాయా అని అడిగే, పరిశోధకుడు కెనడీ బృందం 1993లో ఇచ్చిన 16 లక్షణాల ప్రశ్నావళిని ముందూ తర్వాతా నింపించండి. జాయ్‌స్టిక్‌తో నడిపించకండి, నిలబెట్టి చూడనివ్వండి.

ఇంత చేసినా గుర్రపు డెక్క కమ్మిన నీళ్లు ఫొటోలో పచ్చగా, ముచ్చటగానే ఉంటాయి. వాసన రాదు, దోమ కుట్టదు. మే నెల మధ్యాహ్నం నీడలేని కట్ట కూడా ఏసీ గదిలో చూస్తే అందంగానే కనిపిస్తుంది. అందుకే ఐదారు చోట్లకు, ఫొటోలు చూడని వేరేవాళ్లను నిజంగా తీసుకెళ్లి అవే మార్కులు వేయించండి. "చూడ్డానికి బాగుందా" అన్న ప్రశ్నకు ఫొటో చాలావరకు సరిపోతుంది. "ఇక్కడ కాసేపు కూర్చుంటారా" అన్నది మాత్రం కట్ట మీదే అడగాలి.